మూడోసారి మాయమైన బోర్డు

బోర్డు మళ్ళీ పోయింది.

ఇది మూడోసారి.

ఉదయం ఏడున్నరకు స్టేషన్‌లో ఫోన్ మోగింది. ఎత్తింది ఇన్‌స్పెక్టరే. అంత పొద్దున్నే ఆయన స్టేషన్‌లో ఎందుకున్నాడని ఎవరూ అడగరు. భార్య పోయాక ఆయనకు పొద్దున చేసేందుకు రెండే పనులు మిగిలాయి. దేవుడికి దండం పెట్టుకోవడం, బూట్లు తొడుక్కోవడం.

"సార్, మళ్ళీ పీక్కుపోయారు," అన్నాడు అవతల షావుకారు. కోపంగా ఉన్నాడు. "ఈసారి దొంగను నేనే పట్టుకున్నాను. మీరు జీపు తీసుకురండి చాలు."

"ఎవరు?"

"ఇంకెవరు? మా వాచ్‌మనే. ఇంటి దొంగ."

ఇన్‌స్పెక్టర్ హెడ్ కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని బయల్దేరాడు.

ఊరు దాటాక రోడ్డు పక్కన పాత ధాన్యం గోడౌన్ ఒకటుంది. షావుకారు దాన్ని కొన్నాడు. బాగుచేసి, ఎరువులు, పురుగుమందులు నిల్వ చేసే కేంద్రంగా మార్చాలని ప్లానింగ్ ఆఫీసులో అనుమతి కోరాడు. అలాంటి అనుమతికి ఒక పద్ధతి ఉంది. స్థలం ముందు, రోడ్డు మీద పోయేవాళ్ళకు కనబడేలా బోర్డు పాతాలి. ఇక్కడ ఫలానాది కట్టబోతున్నారు, అభ్యంతరాలుంటే చెప్పండి అని. ఆ బోర్డు మూడు వారాలు కదలకుండా నిలబడాలి. మధ్యలో పడిపోయినా, పోయినా లెక్క మళ్ళీ మొదటినుంచి.

రెండుసార్లు పోయింది. రెండుసార్లూ గడువు తీరబోతుండగానే. మళ్ళీ పాతారు. ఇప్పుడు మూడోది.

ఇన్నాళ్ళూ అది చిల్లర దొంగతనమని స్టేషన్‌లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు ఒక మనిషి మెడకు చుట్టుకుంది.

వాచ్‌మన్ గోడౌన్ గేటు దగ్గర నేల మీద కూర్చుని ఉన్నాడు. బక్కమనిషి. ఊళ్ళో అందరూ అతన్ని రేడియో అంటారు. నిద్రలో తప్ప నోరు మూయడు. ఈరోజు మూశాడు.

"ఇదిగో సార్ సాక్ష్యం," అని షావుకారు ఒక గునపం చూపించాడు. మొనకు పచ్చిమట్టి అంటుకుని ఉంది. "వీడి గదిలో దొరికింది. మా బావమరిది చేయించిన పని ఇది. వాడికీ ఎరువుల కొట్టుంది కదా. నేనిక్కడ పెడితే వాడు ఈగలు తోలుకోవాలి. వీణ్ణి పట్టుకుని పీకించాడు."

"ఏమంటావు?" అని ఇన్‌స్పెక్టర్ రేడియోని అడిగాడు.

"కంచె గుంజ ఒరిగిపోతే నిన్న సరిచేశాను సార్. ఆ మట్టే అది."

"బోర్డు పోవడం చూశావా?"

"లేదు సార్."

"సాయంత్రం ఎక్కడున్నావు?"

"బస్‌స్టాప్ దగ్గర టీకొట్టుకు వెళ్ళాను. రోజూ వెళ్తాను. నాలుగు మాటలు చెప్పుకుని వస్తాను. లేకపోతే ఇక్కడ గోడలతో చెప్పుకోవాలి."

"తిరిగొచ్చేటప్పుడు బోర్డుందా?"

"చీకటి పడింది సార్. చూడలేదు. పొద్దున లేచి చూస్తే లేదు."

ఇన్‌స్పెక్టర్ షావుకారు వైపు తిరిగాడు.

"బోర్డు సరిగ్గా ఎక్కడుండేది?"

"ఇక్కడే." షావుకారు నాలుగడుగులు వేశాడు. ఆగాడు. "కాదు, ఇంకాస్త ఇటు."

"అటు కాదేమోనండి, ఆ తుమ్మమొక్క దగ్గర," అన్నాడు హెడ్డు.

ఇన్‌స్పెక్టర్ ఆ జాగా అంతా కలియతిరిగాడు. గడ్డి, కంకర, లారీ చక్రాల జాడలు. ఇక్కడ ఏదో ఒకటి ఉండాలి, లేదు అనిపించింది. ఆ లేనిదేమిటో మాత్రం అంతుపట్టలేదు.

షావుకారు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాడు. ఇక తప్పదు. రేడియోని జీపెక్కించారు. మర్నాడు పది గంటలకు కోర్టులో హాజరు పరచాలి. కోర్టు రిమాండ్‌కు పంపితే రేడియో ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతోపాటు ఆ గేటు పక్క గదీ పోతుంది. అతనికి ఇంకో ఇల్లు లేదు.

ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. 

*

షావుకారు బావమరిది కొట్టు బజారు మధ్యలో ఉంది. ఇన్‌స్పెక్టర్‌ని చూసి అతను లేవలేదు.

"మా బావ పంపాడా?"

"నేనే వచ్చాను. మీ బావ గోడౌన్‌కి అనుమతి వస్తే మీకు నష్టమా?"

"నష్టమే. దాచేదేముంది?"

"మరి బోర్డు?"

"బోర్డు పీకి నేనేం చేసుకుంటాను సార్? దాని మీదే రాసుంది కదా, అభ్యంతరాలు చెప్పండని. చెప్పాను. ఆఫీసుకెళ్ళి, సంతకం పెట్టి మరీ చెప్పాను. బోర్డు ఎంత ఎక్కువకాలం ఉంటే నాలాంటివాళ్ళు అంత ఎక్కువమంది చెబుతారు. అది నిలబడితేనే నాకు లాభం." అతను నవ్వాడు. "మా అక్క మొహం చూసి ఇన్నాళ్ళూ బావని ఒక్క మాట అనలేదు. ఈసారి కనబడితే నా నమస్కారాలు చెప్పండి."

మాటలో ఎకసెక్కెం ఉంది. అబద్ధం ఉన్నట్టు లేదు.

ప్లానింగ్ ఆఫీసర్ వయసులో చిన్నావిడ. బల్ల మీద రెండు కంప్యూటర్లు పెట్టుకుని మాట్లాడుతూనే టైప్ చేస్తోంది.

"మాకూ తలనొప్పిగానే ఉందండీ. ప్రతిసారీ కొత్త బోర్డు, కొత్త గడువు. ఈసారి గనక ఆలస్యమైతే ఆయనకు సీజన్ పోతుంది."

"అనుమతి వచ్చేదేనా?"

"వచ్చేదే. ఒక్క షరతు ఉంది. గోడౌన్‌కి ఆనుకుని ఒక నర్సరీ ఉంది, చూశారా? ఆ నర్సరీ ఆవిడ ఒంటరిగా అక్కడే ఉంటోంది. రసాయనాల నిల్వకు అంత దగ్గర్లో మనుషులు కాపురం ఉండకూడదు. మొదట్లో ఆవిడ అభ్యంతరం చెప్పింది. తర్వాత షావుకారు ఆ స్థలం కూడా కొంటానన్నాడు, ఆవిడ సరేనంది. అనుమతి చేతికి రాగానే ఖాళీ చేసి చెల్లెలి ఊరికి వెళ్ళిపోతుంది."

"బోర్డులు పాతేదెవరు?"

"మా సర్వేయర్. ముప్పై ఏళ్ళ సర్వీసు. ఒక్క రిమార్కు లేదు."

"పోయిన బోర్డు ఎలా ఉంటుందో ఒకసారి చూడాలి."

ఆవిడే లేచి స్టోర్‌రూమ్ తలుపు తీసింది. లోపల బోర్డులు గోడకు చేరవేసి ఉన్నాయి. నిలువెత్తు కర్ర, దాని తలకు నీలం రంగు రేకు. రేకులన్నీ గోడవైపు తిరిగి ఉన్నాయి. గడువు తీరిన బోర్డులట. అన్నిటి మొదళ్ళకూ ఎండిన మట్టి పెళ్ళలు కట్టింది. వెనక వరసలో రెండు మూడు మాత్రం కాళ్ళు కడుక్కుని వచ్చినట్టు శుభ్రంగా ఉన్నాయి.

సర్వేయర్ వరండా చివర, చీకటి గదిలో కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా. బల్ల మీద పెన్సిళ్ళన్నీ ఒకే పొడుగున చెక్కి వరసగా పెట్టి ఉన్నాయి. కిటికీ గట్టు మీద చిన్న చిన్న నల్ల సంచుల్లో టమాటా నారు, మిరప నారు. అన్నీ వెలుతురు కోసం మెడలు సాచి, సన్నగా, పాలిపోయి ఉన్నాయి.

"మొక్కలంటే ఇష్టమా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అప్పుడప్పుడు కొంటుంటానండి."

"ఇక్కడ ఎండ రాదు కదా. ఇంటికి తీసుకెళ్ళొచ్చుగా?"

"ఇంట్లో కిటికీ కూడా లేదండి. ఒక్క గది."

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేనే."

ఇన్‌స్పెక్టర్ ఆ మాటకు తల ఊపాడు. ఎందుకు ఊపాడో తనకే తెలియలేదు.

"బోర్డు ఉన్న చోటు ఎవరికీ గుర్తు లేదు. మీకుందా?"

"గుర్తేమిటండీ, గోడౌన్ మూల నుంచి టేపు పెట్టి కొలిచి పాతింది. మూడుసార్లూ అదే చోటు. ఒక్క అంగుళం తేడా ఉండదు."

చెబుతున్నప్పుడు ఆయన వెన్ను నిటారుగా అయింది.

"వాచ్‌మన్‌ని అరెస్టు చేశాం. తెలుసా?"

సర్వేయర్ పెన్సిళ్ళ వైపు చూశాడు. "విన్నానండి."

*

మధ్యాహ్నం మూడింటికి ఇన్‌స్పెక్టర్ మళ్ళీ ఆ రోడ్డు మీదికే వచ్చాడు. నర్సరీలో నీడకోసం పరదాలు కట్టి ఉన్నాయి. కింద వరసలు వరసలుగా నారు. నర్సరీ ఆవిడ నేల మీద కూర్చుని సంచుల్లో మట్టి నింపుతోంది. ఎదురుగా స్టూలు మీద సర్వేయర్. ఒళ్ళో టేపు సంచి. చేతిలో టీ గ్లాసు.

ఇన్‌స్పెక్టర్‌ని చూడగానే ఆయన లేచి నిలబడ్డాడు. గ్లాసులో ఇంకా సగం ఉంది.

"చోటు చూసి వెళ్దామని వచ్చానండి. మళ్ళీ పాతాలి కదా," అని, సగం టీ అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

నర్సరీ ఆవిడ ఆయన వెళ్ళిన వైపు చూసింది. "పాపం, బోర్డు పోయినప్పుడల్లా ఆయనకే ఎండదెబ్బ. కూర్చోండి సార్."

"బోర్డు పోతే మీకు లాభమే కదమ్మా. ఇల్లు వదిలే పని ఉండదు."

"లాభమా?" ఆవిడ మట్టి చేతులు దులుపుకుంది. "మా చెల్లెలు అక్కడ గది సర్ది పెట్టి, ఎప్పుడొస్తావే అక్కా అని రోజూ ఫోను. ఇక్కడ నన్ను పిలిచే దిక్కెవరు సార్? మొక్కలు కొనేవాళ్ళు ధర అడుగుతారు, పోతారు. రేడియో ఒక్కడే నన్ను అక్కా అంటాడు."

"రేడియో మీద మీకు అనుమానం లేదా?"

"వాడా? వాడు బోర్డు పీకితే పీకేముందు నాకు చెప్పి, పీకుతూ ఒకసారి చెప్పి, పీకాక ఊరంతా చెప్పేవాడు. వాడి కడుపులో మాట ఆగుతుందా? వాణ్ణి వదిలెయ్యండి సార్."

"సర్వేయర్ గారు తరచూ వస్తారా?"

"పని ఉంటేనే వస్తారు. ఈ కొలతల పేరు చెప్పి మొదట వచ్చారు. బోర్డు పాతడానికొచ్చారు. పోయిందని వచ్చారు. వచ్చినప్పుడల్లా ఆ స్టూలు మీద కూర్చుని ఈ నారు పేరేమిటి, దీనికి నీళ్ళెన్ని అని అడుగుతారు. పోతూ పోతూ రెండు మొక్కలు కొంటారు. మంచి మనిషి. ఎక్కువ మాట్లాడరు గానీ, చెబితే వింటారు."

ఆవిడ మళ్ళీ మట్టి సంచి అందుకుంది. ఇన్‌స్పెక్టర్ కాసేపు అక్కడే నిలబడ్డాడు. అడగాల్సినవి అయిపోయాయి. అయినా ఆ నీడలోంచి కదలబుద్ధి కాలేదు.

*

సాయంత్రం స్టేషన్ ఖాళీ అయింది. రేడియోకి లాకప్‌లో నోరు తిరిగొచ్చింది. ఇన్‌స్పెక్టర్ తన బల్ల దగ్గర కాగితాలు చూస్తున్నట్టు కూర్చుని వింటున్నాడు. టీకొట్టు వాడి కూతురి పరీక్షలు, లారీ డ్రైవర్ పన్నునొప్పి, షావుకారు పిసినారితనం, అన్నీ వరసగా వచ్చాయి.

"మీరు ఇంటికెళ్ళరా సార్?" అన్నాడు రేడియో ఉన్నట్టుండి.

"వెళ్తాను."

"అమ్మగారు ఎదురుచూస్తుంటారు."

"లేదు. పోయింది."

రేడియో ఒక్క క్షణం ఆగాడు. తర్వాత, ఆ ఖాళీ ఎక్కువసేపు ఉండకూడదన్నట్టు, మళ్ళీ అందుకున్నాడు.

"ఆ కంచె గుంజ సంగతి చెప్పలేదు కదా మీకు. లారీ వాడు గుద్దితే ఒరిగింది. వాడు దిగి దాన్ని పీకి అవతల పారేసి, గుంట అలాగే వదిలేసి పోయాడు. పీకినవాడు గుంట ఎందుకు పూడుస్తాడు సార్? వాడికి బండి పోతే చాలు. చీకట్లో నా కాలు అందులో పడి మడతపడింది. చూడండి వాపు. అందుకే గునపం తీసి—"

ఇన్‌స్పెక్టర్ తలెత్తాడు.

"ఏమన్నావు?"

"వాపు, సార్."

"దానికి ముందు."

"గుంట పూడ్చలేదన్నాను."

గుంట.

పొద్దున ఆ జాగాలో లేనిది అదే. నిలువెత్తు కర్రని నేలలోంచి పీకితే గుంట ఉండాలి. మోకాలి లోతు గుంట. కళ్ళముందు కనబడాలి. అది లేకే కదా బోర్డు ఎక్కడుండేదో షావుకారు చూపించలేకపోయింది.

దొంగ బోర్డు ఎత్తుకుపోయాడు. పోయేముందు గుంట పూడ్చాడు. ఎవరి కాలైనా పడుతుందేమోనని.

అలాంటి దొంగ ఎవరు?

ఇన్‌స్పెక్టర్‌కి లోపల ఎక్కడో సమాధానం తెలిసింది. తెలిసినందుకు సంతోషం కలగలేదు. ఇంటికి వెళ్ళి దేవుడి ముందు కూర్చున్నప్పుడు, మనిషికి ఇంత నోరిచ్చినవాడివి, వినే చెవిని పక్కనే పెట్టడం ఎలా మరిచిపోయావయ్యా అని అడిగాడు. దేవుడికి ఎప్పటిలాగే జవాబు చెప్పే తొందరేమీ లేదు.

*

తెల్లవారగానే హెడ్డుని తీసుకుని గోడౌన్ దగ్గరికి వెళ్ళాడు. ఇద్దరూ గునపంతో నేల తట్టుకుంటూ పోయారు. ఒకచోట మట్టి రంగు తేడాగా ఉంది. పైన గడ్డి పరిచి ఉంది, గడ్డికి వేళ్ళు అంటుకోలేదు. తవ్వారు. గట్టిగా దిమ్మిస కొట్టిన మట్టి, దాని కింద సర్దిన రాళ్ళు. ఇంకొంచెం లోతుకు పోగానే ఇన్‌స్పెక్టర్ హెడ్డు చెయ్యి పట్టుకుని ఆపాడు. లోపల కనబడినదాన్ని చూసి, రాళ్ళు, మట్టి, గడ్డి మళ్ళీ ఎప్పటిలా కప్పేయమన్నాడు.

"ఇదేంటి సార్, ఇక్కడ ఇదెందుకుంది?"

"చెప్పేవాణ్ణి పిలుద్దాం."

ఎనిమిదిన్నరకు అందరూ నర్సరీ పరదాల కింద చేరారు. షావుకారు, ప్లానింగ్ ఆఫీసర్, సర్వేయర్, నర్సరీ ఆవిడ. రేడియోని జీపులో తీసుకొచ్చారు. నర్సరీ ఆవిడ అతనికి మంచినీళ్ళిచ్చింది.

"దొంగ ఇక్కడుండగా ఈ మీటింగ్ ఎందుకు సార్?" అన్నాడు షావుకారు.

"బోర్డు మళ్ళీ పాతాలి కదా. పాత చోటు తేలాలి." ఇన్‌స్పెక్టర్ సర్వేయర్ వైపు తిరిగాడు. "మీరే చూపించాలి."

అందరూ గోడౌన్ ముందుకు నడిచారు. సర్వేయర్ టేపు తీశాడు. ఒక కొస హెడ్డు గోడౌన్ మూలన పట్టుకున్నాడు. ఆయన కొలుచుకుంటూ వచ్చి, అటు జరగలేదు, ఇటు జరగలేదు, ఒకచోట మడమతో నొక్కాడు.

"ఇక్కడ."

హెడ్డు తవ్వాడు. పొద్దున తీసి కప్పిన మట్టి, రాళ్ళు, వాటి కింద మళ్ళీ మట్టి. ఆ మధ్యలో గుప్పెడు నల్లటి ముక్కలు.

ఇన్‌స్పెక్టర్ ఒకటి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. "బొగ్గు. ఇదేంటి మేడమ్?"

ప్లానింగ్ ఆఫీసర్ తల అడ్డంగా ఊపింది. "తెలియదండీ. ఎవరైనా పొయ్యి పెట్టుకున్నారేమో."

"పొయ్యి కాదండి," అన్నాడు సర్వేయర్. ఆయన గొంతులో ఒక చిన్న నొప్పి ఉంది, తన పనిని ఎవరో తక్కువ చేసినట్టు. "గుర్తు. పాతకాలం సర్వేయర్లు హద్దురాయి కింద బొగ్గు వేసేవాళ్ళు. రాయిని ఎవరైనా పీకేసినా బొగ్గు నేలలో ఉంటుంది. కుళ్ళదు, చెద పట్టదు. వందేళ్ళ తర్వాత తవ్వినా చోటు చెబుతుంది. మా గురువు నేర్పారు. ఇప్పటి పిల్లలకు శాటిలైట్లు వచ్చాయి, ఇవి..."

ఆయన ఆగిపోయాడు.



"ఈ బొగ్గు సంగతి నాకూ ఒక పొలం గట్టు తగాదాలో తెలిసింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా. "ఈ ఊళ్ళో బొగ్గు వేసే సర్వేయర్లు ఇంకెవరున్నారు?"

"నేను... పాతేటప్పుడే వేశానండి."

"పాతేటప్పుడు వేస్తే కర్ర అడుగున ఉండాలి. నలిగి పొడి కావాలి. ఈ ముక్కలు నలగలేదు. కర్ర నిలబడి ఉండగా, దాని చోట సగం లోతులో బొగ్గు ఎలా పడుతుంది? కర్ర బయటికి తీశాకే వేశారు. మళ్ళీ ఇక్కడే పాతాలి కదా అని."

సర్వేయర్ తవ్విన మట్టి అంచుని చెప్పుకాలితో సర్దాడు.

"బోర్డు అంటే కోపం ఉన్నవాడు విరగ్గొడతాడు, తగలబెడతాడు. ఈ దొంగ గుంట పూడ్చాడు. మట్టి పొరలు పొరలుగా దిమ్మిస కొట్టాడు. గడ్డి కప్పాడు. బోర్డుని కూడా పారేయలేకపోయాడు. ప్రభుత్వపు సొత్తు. మొదలు కడిగి, ఆఫీసు స్టోర్‌లో వెనక వరసలో పెట్టాడు. మేడమ్, ఈ పొద్దున మీరే తిప్పి చూశారు కదా?"

ప్లానింగ్ ఆఫీసర్ నేల చూపులు చూస్తూ చెప్పింది. "మూడూ ఉన్నాయి. మూడూ ఈ స్థలానివే."

"సర్కారు బోర్డుని సర్కారు ఉద్యోగి భుజాన వేసుకుని నడుస్తుంటే ఎక్కడికని అడిగేదెవరు? రేడియో టీకొట్టుకు వెళ్ళే వేళ ఆయనకు తెలుసు."

షావుకారు ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు. "ఎంత తీసుకున్నావయ్యా మా బావమరిది దగ్గర?"

"ఏమీ తీసుకోలేదండి."

"మరెందుకు? నేను నీకేం ద్రోహం చేశాను?"

సర్వేయర్ టేపు చుట్టడం మొదలుపెట్టాడు. చివరిదాకా చుట్టి, కొక్కెం బిగించి, అప్పుడు చెప్పాడు.

"అనుమతి వస్తే ఆవిడ వెళ్ళిపోతారు."

ఎవరూ నర్సరీ ఆవిడ వైపు చూడలేదు. చూడకూడదని అందరికీ తెలిసింది.

"బోర్డు పోతే మళ్ళీ పాతడానికి రావాలి. వస్తే కాసేపు కూర్చుంటాను. అంతేనండి. అంతకు మించి నా మనసులో ఏమీ... ఒక్క మూడు వారాలు అనుకున్నాను. తర్వాత ఇంకో మూడు వారాలు."



నర్సరీ ఆవిడ ఆయన వైపు తిరిగింది.

"ఇన్నిసార్లు వచ్చారు. మధ్యలో ఒక్క ఆదివారమైనా ఊరికే రాలేదేం?"

"పని లేకుండా ఎలా వస్తానండి?"

"పని లేకపోతే మనిషి మనిషి దగ్గరికి రాడా? నా తలుపు ఎప్పుడైనా వేసి ఉందా?"

ఆయన టేపుని సంచిలో పెట్టాడు.

"వచ్చుంటే బాగుండేది." ఆవిడ గొంతు తగ్గింది. తర్వాత గట్టిపడింది. "నిన్న మధ్యాహ్నం రేడియో లాకప్‌లో ఉన్నాడని మీకు తెలుసు. ఎందుకున్నాడో తెలుసు. తెలిసీ నా ఎదురుగా కూర్చుని టీ తాగారు. ఈ నారుకు నీళ్ళెన్ని పొయ్యాలని అడిగారు. దాన్ని నేనేం చేసుకోను?"

"పొద్దున వచ్చి చెప్పేద్దామనే..."

"పొద్దున ఎవరో పిలిస్తే వచ్చారు."

ఆవిడ నర్సరీలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి నీళ్ళు పోస్తున్న చప్పుడు వినిపించింది. ఏ మొక్కలకో తెలియలేదు.

"నా సంగతేంటి?" అన్నాడు షావుకారు. కానీ గొంతులో మునుపటి జోరు లేదు.

"ఈరోజే బోర్డు పాతిస్తాను," అంది ప్లానింగ్ ఆఫీసర్. "మూడు వారాలు. వానలు కాస్త ఆలస్యమైతే మీకు సీజన్ అందుతుంది."

సర్వేయర్ తన ఆఫీసర్ దగ్గరికి వెళ్ళి స్టోర్‌రూమ్ తాళంచెవి, టేపు సంచి అప్పగించాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే జీపు ఎక్కాడు.

*

స్టేషన్‌లో పని తొందరగానే అయింది. షావుకారు రేడియో మీద ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. ఉద్యోగం నీదేలే, పో అని గొణిగి వెళ్ళాడు. సర్వేయర్ వాంగ్మూలం తానే రాసిచ్చాడు. గీత గీసినట్టు ముత్యాల్లాంటి అక్షరాలు. ఎక్కడా కొట్టివేత లేదు.

"ఎవరికైనా కబురు పెట్టాలా?" అని ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

సర్వేయర్ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"ఎవరూ లేరండి."

లాకప్ తలుపు వేశారు. ఆయన దూరంగా ఉన్న మూలకు వెళ్ళి, గోడవైపు ముఖం పెట్టి కూర్చున్నాడు.

రేడియో తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళాడు. బయట ఎండ బాగా వచ్చింది. బస్సు హారన్ వినబడింది. అతను గుమ్మంలో నిలబడి ఒక కాలి మీద బరువు ఇంకో కాలి మీదికి మార్చుకున్నాడు.

"వెళ్ళవేం?" అన్నాడు హెడ్డు.

"వెళ్తాను. బస్సు ఇంకోటుంది."

వెనక్కి వచ్చి, ఊచల బయట నేల మీద చతికిలబడ్డాడు.

"చూడండి సర్వేయర్ గారూ. మీ మూలంగా రాత్రంతా నన్ను దోమలు పీక్కుతిన్నాయి. నాకు మీ మీద కోపం ఉంది. అది మీతో చెప్పాలి. చెప్పకపోతే నాకు అన్నం సయించదు."

సర్వేయర్ ముఖం ఇంకా గోడవైపే ఉంది.

"వినబడుతోందా? ఆ మూల మాత్రం కూర్చోకండి. ఆ గోడ చెమ్మ. నాకు తెల్లారేసరికి నడుం పట్టేసింది. ఇటు రండి. ఇక్కడైతే గాలి వస్తుంది."

ఇన్‌స్పెక్టర్ రాస్తున్న పెన్ను ఆపాడు.

కొంతసేపటికి సర్వేయర్ లేచి, చొక్కా సర్దుకుని, ఇటువైపు వచ్చి కూర్చున్నాడు.